గుమ్మడిపువ్వుకు ధరెంత?

ధనుర్మాసం వచ్చిందంటే మా వీధిలో తెల్లవారుజామునే ఒక వేట మొదలవుతుంది. వాకిట్లో ముగ్గులు పూర్తిచేసి, గొబ్బెమ్మలు చేసిన చేతులు కడుక్కుని, చలికి చెంగు నిండుగా కప్పుకుని ఆడవాళ్ళంతా గుమ్మడితీగ ఉన్న ఇంటివైపు నడుస్తారు.

"మామ్మగారూ, గొబ్బెమ్మకి ఒక్క పువ్వు ఇస్తారా?"

"ఒక్కటేం ఖర్మ, నాలుగు కోసుకో తల్లీ. కింద పిందె ఉన్నవి మాత్రం ముట్టుకోకు."

ఆ పచ్చటి పువ్వు గొబ్బెమ్మ నెత్తిన కూర్చుంటేనే ముగ్గుకు కళ. పొద్దెక్కేసరికి అది ముడుచుకుపోతుంది. మనం కూడా మర్చిపోతాం. మర్నాడు మళ్ళీ కొత్త పువ్వు.

మా అక్క పెళ్ళయి ఖరగ్‌పూర్ వెళ్ళింది. రైల్వే ఉద్యోగాల పుణ్యమా అని తెలుగువాళ్ళు తరాల తరబడి స్థిరపడిన ఊరది. మొదటి సంక్రాంతికి పక్కింటి బెంగాలీ ఆవిడని గుమ్మడిపువ్వులు అడిగిందట. ఆవిడ సంతోషంగా గుప్పెడు కోసిచ్చి, కాసేపటికి మా అక్క వాకిట్లో ముగ్గు చూసి తెల్లబోయిందట. "తినే పువ్వుని పేడ మీద పెట్టావేమిటి?" అని ఆవిడ. "దేవుడి పువ్వుని నూనెలో వేయిస్తారేమిటి?" అని మా అక్క. ఆ రోజు మధ్యాహ్నమే మా అక్క మొదటిసారి గుమ్మడిపువ్వు వేపుడు రుచి చూసింది. ఇప్పుడు వాళ్ళింట్లో రెండు పువ్వులు గొబ్బెమ్మకి, మిగతావి మూకుట్లోకి!

బెంగాల్లో, ఒడిశాలో గుమ్మడిపువ్వు మామూలు వంటే. కోల్‌కతా మార్కెట్లలో కట్టలు కట్టి అమ్ముతారు. మన దగ్గరా కొన్ని ఇళ్ళలో బజ్జీలు వేస్తారు, పప్పులో వేస్తారు. కానీ 1999 నుంచి మనకు రైతుబజార్లున్నాయి కదా, వాటి ధరల బోర్డు మీద గుమ్మడిపువ్వు పేరు నాకెప్పుడూ కనపడలేదు. మీకు కనపడిందా? ధర లేని వస్తువు అది. పండించడానికి మాత్రం మనిషి కావాలి, నీళ్ళు కావాలి, రోజూ కాస్త పొద్దు కావాలి. ఆ మనిషి నూటికి తొంభైపాళ్ళు ఇంటి ఇల్లాలే.

ధర లేని వస్తువును పండించే మనిషి శ్రమకు దేశం లెక్కల్లో చోటెక్కడ? పువ్వు చిన్నదే. ప్రశ్న మాత్రం చిన్నది కాదు.

పొద్దున్నే ఎందుకు?

ముందు పువ్వు సంగతి చూద్దాం. ఇక్కడ చెప్పేది మంచి గుమ్మడి, అంటే తియ్య గుమ్మడి గురించి. ఒకే తీగకు మగపువ్వులు, ఆడపువ్వులు వేర్వేరుగా పూస్తాయి. మొదట వచ్చేవి మగపువ్వులే. సన్నటి పొడుగాటి కాడ మీద నిలబడి ఉంటాయి. కొన్నాళ్ళకు ఆడపువ్వులు మొదలవుతాయి. వాటి కింద గోలీకాయంత పిందె ముందే కనపడుతుంది. "పూలు బోలెడు పూస్తున్నాయి, కాయ ఒక్కటీ నిలవడం లేదు" అని దిగులుపడే వాళ్ళు ఈ తేడా ఒకసారి గమనించాలి. అప్పటిదాకా పూసినవన్నీ మగపువ్వులే అయి ఉండవచ్చు.

పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. ఎండ ముదిరేలోపు ముడుచుకుంటుంది. దాని ఆయుష్షు ఆ ఒక్కపూటే. ఆ కాసేపట్లోనే తేనెటీగ రావాలి, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేర్చాలి. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి ఎగిరిపోయే రకం కాదు. ఈగ రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. టౌన్లలో మేడమీద తీగ పెంచేవారికి ఇదే పెద్ద బెడద. దానికి మార్గం ఉంది. విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోసి, రెక్కలు తుంచేసి, మధ్యలోని కేసరాన్ని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లిగా అద్దాలి. ఉదయం తొమ్మిదిలోపు ఈ పని అయిపోవాలి.

వంటకు కోసుకోవలసింది మగపువ్వులే. అన్నీ కోసేయకూడదు. తీగకు రెండు మూడన్నా వదిలేయాలి, లేకపోతే కాయలకు ఎసరు పెట్టినట్లే. కోసిన పువ్వును తలకిందులుగా దులిపితే లోపలి చీమలు, పురుగులు రాలిపోతాయి. కాడ, కింది పచ్చటి రేకలు, మధ్య కేసరం తీసేసి, నీళ్ళలో ఒక్కసారి ముంచి తీయాలి. శనగపిండిలో గుప్పెడు బియ్యప్పిండి, వాము, ఉప్పు, కారం వేసి జారుగా కలిపి, అందులో ముంచి వేయిస్తే కరకరలాడతాయి. నూనె వద్దనుకునే వారు సన్నగా తరిగి పెసరపప్పులో దించే ముందు వేసుకోవచ్చు. కాయైనా పువ్వైనా నోట్లో పెట్టగానే చేదు తగిలితే మాత్రం పారేయండి. గుమ్మడి, సొర, దోస జాతుల్లో ఆ చేదు విషానికి గుర్తు. ఉప్పూ కారాలతో కప్పిపుచ్చేది కాదు.

ఒక్కపూట బతికే పువ్వు లారీ ఎక్కి ఊళ్ళు తిరగలేదు. గోనెసంచిలో కూరితే నలిగిపోతుంది. మన ఊళ్ళలో దానికి బజారు ధర పలకకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం మనం గట్టిగా ఆలోచించవలసింది. పురుగుమందు చల్లిన కూరగాయను కొన్ని రోజులు ఆగాకే కోయాలి. మందు డబ్బా మీద ఆ గడువు రాసి ఉంటుంది. కాయ అయితే గడువు దాటేదాకా తీగకు వేలాడుతూ ఆగుతుంది. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు ఎలా ఆగుతుంది? పైగా విచ్చుకున్న పువ్వు మీద మందు చల్లితే మొదట చచ్చేది తేనెటీగే. మోనోక్రోటోఫాస్ లాంటి ప్రమాదకరమైన మందును కూరగాయల మీద వాడవద్దని మన దేశంలో 2005లోనే నిషేధం పెట్టారు. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు, చేలో అమలు కావాలి. మన పెరటి తీగ విషయంలో ఆ అమలు మన చేతుల్లోనే ఉంది. ఎర్ర పెంకు పురుగుల్ని పొద్దున్నే చేత్తో ఏరిపారేయవచ్చు. మందు కొట్టని తీగ పువ్వే తినదగ్గ పువ్వు.

టమాటా నేర్పిన పాఠం

2023 జులైని మనమెవరం మర్చిపోలేదు. మదనపల్లె లాంటి పెద్ద టమాటా మార్కెట్ ఉన్న మన దగ్గరే కిలో టమాటా వంద దాటింది. దేశంలో కొన్ని నగరాల్లో రెండు వందలు కూడా పలికింది. కేంద్ర ప్రభుత్వం సహకార సంస్థల ద్వారా తక్కువ ధరకు టమాటా అమ్మించవలసి వచ్చింది. ఆ నెల చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతం. అందులో కూరగాయల వాటా చూస్తే అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే 37 శాతానికి పైగా పెరుగుదల. మరుసటి ఏడాది, 2024 అక్టోబరులో, అది 42 శాతం దాటింది.

ఈ శాతాలు అర్థశాస్త్రవేత్తలకు గ్రాఫు మీద గీతలు. మనకు చింతపండుతో నెట్టుకొచ్చిన పప్పులు, పావుకిలో కొని నాలుగు రోజులు సరిపెట్టిన కూరలు. ధర పెరిగినప్పుడు కుటుంబం కంచంలో ఏం తగ్గించాలో, ఎవరి వంతు తగ్గించాలో తేల్చుకునేది ఇల్లాలే. తరచుగా ఆవిడ తగ్గించేది తన వంతే.

అలాంటప్పుడల్లా ఒక సలహా వినపడుతుంది: "ఇంట్లోనే పండించుకోవచ్చుగా!" సలహా మంచిదే. పెరట్లో నాలుగు తీగలున్న ఇంట్లో ఆ జులైలో కూడా పొయ్యి మీదికి ఏదో ఒకటి వచ్చింది. గుమ్మడితీగ ఒక్కటున్నా లేత ఆకు, పువ్వు, కాయ మూడూ వంటకు పనికొస్తాయి. బజారులో ధర ఎంతయినా తీగ ఊరుకోదు, పూస్తూనే ఉంటుంది.

అయితే పెరటి తోటే ధరలకు మందు అనుకోవడం పొరపాటు. గుమ్మడితీగ పాకడానికి పందిరో, పిట్టగోడో, బోలెడంత జాగానో కావాలి. రెండు గదుల అద్దె వాటాలో, మేడ మీదికి వెళ్ళడానికి ఇంటివారు తాళంచెవి ఇవ్వని చోట తీగ ఎక్కడ పాకుతుంది? వేసవిలో బిందెడు నీళ్ళకు ట్యాంకరు దగ్గర నిలబడే కాలనీలో మొక్కకు పోసే చెంబెడు నీళ్ళు కూడా లెక్కే. అన్నిటికంటే ముఖ్యం, ఆ సలహా ఇచ్చేవాళ్ళు మర్చిపోయేది, మనిషి సమయం. విత్తు పెట్టాలి, పందిరి వేయాలి, నీళ్ళు పోయాలి, పురుగులేరాలి, పొద్దున్నే ఆడపువ్వుకు పుప్పొడి అద్దాలి. అసలే సందులేని ఇల్లాలి పొద్దులో ఇంకో పని చేర్చి దానికి 'హాబీ' అని పేరు పెట్టేస్తే సరిపోయిందా?

కోస్తే ఉత్పత్తి, వేయిస్తే ఇంటిపని

దేశాలు తమ జాతీయాదాయాన్ని లెక్కవేయడానికి ఐక్యరాజ్య సమితి ఒక పద్ధతి పెట్టింది. దాని ప్రకారం, అమ్మకానికి కాకపోయినా, సొంత ఇంటి వాడకానికి పండించిన పంట ఉత్పత్తి కిందికే వస్తుంది. అదే ఇంట్లో ఇంటివారి కోసం చేసిన వంట, ఊడ్పు, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ ఉత్పత్తి కిందికి రావు. అంటే ఏమిటన్నమాట? మీరు తీగ దగ్గర నిలబడి పువ్వు కోసేదాకా అది దేశానికి ఉత్పత్తి. వంటింటి గడప దాటి మూకుట్లో వేయగానే అది లెక్కలోకి రాని ఇంటిపని. చేతులు అవే, చెమట అదే, ఉదయం అదే. మధ్యలో గడప ఒక్కటే తేడా!

పోనీ, గడపకు అవతలి భాగమైనా మన ఖాతాలో పడుతుందా అంటే అదీ లేదు. మన దేశంలో ఉద్యోగాలు, ఉపాధి గురించి జరిపే జాతీయ నమూనా సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక అంకె వేస్తారు. ఇంటిపని చేసుకునేవారికి 92. ఇంటిపనితో పాటు కూరలు, దుంపలు, కట్టెలు, పశువుల మేత ఏరి తెచ్చుకునేవారికి, ఇంటి వాడకానికి కుట్టుపని చేసేవారికి 93. ఈ రెండు అంకెల వారూ శ్రామికుల జాబితాకు బయటే. 2011-12 సర్వేలో ఇలా ఇంటిపనిలో ఉన్న స్త్రీలను విడిగా కూర్చోబెట్టి, పెరటి తోట చూస్తారా, కోళ్ళు పెంచుతారా, పాడి చూస్తారా, నీళ్ళు మోస్తారా అని అడిగారు. ఎన్నో ఇళ్ళలో అవునన్నారు. అయినా వారి అంకె మారలేదు.

కాయ లెక్కలో ఉంది, కాయించిన మనిషి లెక్కలో లేదు. మన సమస్య మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది.

న్యూజిలాండ్‌కు చెందిన మారిలిన్ వేరింగ్ 1988లోనే ఈ లెక్కల లొసుగును ఒక పుస్తకంలో ఎండగట్టారు. మన ప్రభుత్వం 2019లో మొదటిసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే స్త్రీలకు 289 నిమిషాలు, పురుషులకు 88 వచ్చాయి. అయిదేళ్ళలో మనకు తగ్గింది పది నిమిషాలు. వాళ్ళకూ దాదాపు అంతే తగ్గింది. మరి పని పంచుకున్నట్లా, పంచుకోనట్లా?

గౌరవం సరే, వేతనం?

పెరటి తోట ప్రభుత్వ పథకంలోకి కూడా వచ్చింది. 2021లో మొదలైన సక్షమ్ అంగన్‌వాడీ - పోషణ్ 2.0 కింద అంగన్‌వాడీ కేంద్రాల దగ్గర పోషణ వాటికలు పెంచాలన్నారు. ఆకుకూరలు, కాయకూరలు కేంద్రం ఆవరణలోనే పండితే పిల్లలకు, గర్భిణులకు మేలే. కాదనేవారెవరు? కానీ అక్కడ కుదురు తీసేది, నీళ్ళు పోసేది ఎవరు? రికార్డులు రాయడం, బరువులు తూచడం, గుడ్లు పంచడం, పిల్లలకు వండి పెట్టడం వీటన్నిటితో పాటు ఇదీ సాధారణంగా టీచరమ్మ, ఆయమ్మల నెత్తినే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగినప్పుడు వారికి నెలకు అందుతున్నది 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. దాని పేరు జీతం కూడా కాదు, గౌరవ వేతనం! జీతం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని 42 రోజులు రోడ్డెక్కారు. అంగన్‌వాడీ వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే ఒక కేసులో చెప్పింది. ఆ ధనుర్మాసం, ఆ సంక్రాంతి వాళ్ళకు సమ్మెలోనే గడిచిపోయాయి. ఎందరి వాకిళ్ళలో ఆ ఏడు గొబ్బెమ్మలు లేవో!

ఇంట్లో చేస్తే ప్రేమ, కేంద్రంలో చేస్తే సేవ. పేరు ఏదయినా, ధర కట్టాల్సి వచ్చేసరికి చెయ్యి వెనక్కు పోతుంది.

కోర్టు కట్టిన విలువ

ఇంటి ఇల్లాలి పనికి విలువ కట్టక తప్పని చోటు ఒకటుంది, రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు. ఢిల్లీలో 2014లో ప్రమాదంలో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. హైకోర్టు తగ్గించిన పరిహారాన్ని 2021 జనవరి 5న సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించిన జస్టిస్ ఎన్.వి.రమణ మన తెలుగువారే. సమయ సర్వేలోని ఆ 299, 97 నిమిషాల అంకెలను ఆయన తన అభిప్రాయంలో ప్రస్తావించారు. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది స్త్రీలు తమ ప్రధాన వ్యాపకం ఇంటిపని అని చెప్పుకోగా, అలా చెప్పిన పురుషులు 58 లక్షలలోపేనని గుర్తుచేశారు. పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటిపనితో పాటు విత్తడం, కోయడం, పశువుల్ని చూడటం కూడా చేస్తారని చెప్పారు. గృహిణికి ఆదాయం లెక్కకట్టడమంటే ఆమె పనిని సమాజం గుర్తించినట్లని ఆ తీర్పు సారాంశం.

మంచిదే. కానీ మనిషి పోయాక కట్టే విలువ, ఆ మనిషి పొద్దున్నే తీగ దగ్గర నిలబడి ఉండగా కట్టకపోతే ఎలా?

"ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటా"

ఈ మాట ఎన్నిసార్లు అని ఉంటాం! బ్యాంకులో, బడిలో, ఆస్పత్రిలో "ఏం చేస్తుంటారు?" అని అడిగితే మన నోట వచ్చే మొదటి మాట ఇదే.

2021లో జరగవలసిన జనగణన వాయిదాల మీద వాయిదాలు పడి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుపుతామని ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పుకోవాలి. 1991 జనగణనలో స్త్రీల పని లెక్కలోకి రావడం లేదన్న విమర్శల తర్వాతే, పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో జీతం లేకుండా చేసే పనినీ పనిగానే రాయాలని ప్రశ్నలో చేర్చారు. 2011 జనగణన నిర్వచనం ప్రకారమైతే కేవలం ఇంటి వాడకం కోసం సాగు చేసినా, పాడి చూసినా పని చేసినట్లే. అంటే పెరట్లో గేదె ఉండి, పాలన్నీ ఇంటికే వాడుకున్నా ఆ ఇల్లాలు 'పని లేని మనిషి' కాదు. కానీ ఆ సంగతి రాసుకునే వారికి మనం చెప్పాలి కదా! గుమ్మం ముందు నిలబడి ఇంటాయన "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అనేస్తే, కాగితం మీద అంతే పడుతుంది.

కాబట్టి ఎప్పుడు ఎవరు అడిగినా జవాబు మీరే చెప్పండి. చేసే పనులన్నీ వరసగా చెప్పండి. పాడి ఉంటే పాడి, కుట్టుపని ఉంటే కుట్టుపని, దుకాణంలో కూర్చుంటే దుకాణం, పెరట్లో కూరలు పండిస్తే అదీ. ఏది ఏ గడిలో రాయాలో రాసుకునేవారు చూసుకుంటారు. చెప్పకుండా దాచుకోవడం మాత్రం మన తప్పవుతుంది. ఇంకో పని కూడా చేయవచ్చు. ఒక్క వారం పాటు పాలలెక్క రాసే క్యాలెండర్ మీదే తోటలో గడిపిన నిమిషాలు, కోసిన కూరలు రాసి చూడండి. ఆదివారం నాడు ఇంటిల్లిపాదికీ చూపించండి. పురుగులేరడం పిల్లలకు, నీళ్ళు పోయడం వాళ్ళ నాన్నకు అప్పగించడానికి అంతకు మించిన ఆధారం అక్కరలేదు.

మొన్న మామ్మగారిని అడిగాను, "ఈ తీగ మీద ఏడాదికి ఎంత మిగులుతుంది మామ్మగారూ?" అని. ఆవిడ కాస్త ఆలోచించి, "మిగలడమేమిటే పిచ్చిపిల్లా, వీధంతా తినగా రెండు కాయలు మిగిలాయి" అన్నారు.

ఆ వీధి తిన్నది ఏ ధరల బోర్డు మీదా ఉండదు. కనీసం మనమన్నా మర్చిపోకుండా ఉందాం. ఈసారి గొబ్బెమ్మకు పువ్వు అడగడానికి వెళ్ళినప్పుడు ఆ తీగకు ఒక బిందెడు నీళ్ళు కూడా పోసి రండి.